మెట్లున్న బేస్ గిటారా, మెట్లు లేనిదా?

కాజీపేటలో మా క్వాయర్‌తో తొమ్మిదేళ్లు మామూలు బేస్ వాయించాక, రెండేళ్ల కింద ఫ్రెట్‌లెస్, అంటే మెట్లు లేని బేస్, కొన్నాను. మొదటి ఆదివారం పాట మధ్యలోనే కీబోర్డ్ తమ్ముడు నా వైపు వంగి, "అన్నా, కీబోర్డ్ ఏమన్న ఖరాబైందా?" అని అడిగాడు. కీబోర్డ్‌కు ఏమీ కాలేదు. నా వేలే చోటు తప్పుతోంది.

తప్పు ఎక్కడంటే, మామూలు బేస్ మీద ఫ్రెట్‌కు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే మెట్టుకు, కాస్త వెనక నొక్కుతాం. స్వరాన్ని తేల్చేది వేలు కాదు, ఆ లోహపు మెట్టు. మెట్టు లేనప్పుడు వేలి కొనే మెట్టు. అది మెట్టు ఉండాల్సిన చోట గీసిన గీత మీద సరిగ్గా పడాలి. తొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ నేను వెనకే నొక్కుతున్నాను, ప్రతి స్వరమూ కిందికి దిగుతోంది. మామూలుగా దొరికే 34 అంగుళాల బేస్‌లో మొదటి అర్ధస్వరానికి దాదాపు 48 మిల్లీమీటర్ల చోటు ఉంటుంది. అక్కడ 5 మిల్లీమీటర్లు జరిగితే అర్ధస్వరంలో పదో వంతు తేడా, చాలామంది పట్టుకోరు. పన్నెండో మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ చోటు సగమవుతుంది, అదే 5 మిల్లీమీటర్లు ఐదో వంతు తప్పవుతుంది. అది చెవిలో గుచ్చుకుంటుంది. పైకి పోయేకొద్దీ భయం పెరగడానికి కారణం ఇదే.

1951లో ఫెండర్ కంపెనీ తన బేస్‌కు ప్రెసిషన్ అని పేరు పెట్టింది ఇందుకే. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్‌కు మెట్లు లేవు, దీనికి ఉన్నాయి, స్వరం తప్పదు అని. ఆ సౌకర్యాన్ని డబ్బిచ్చి మరీ ఎందుకు వదులుకోవాలి?

జారు కోసం. వీణకు 24 మెట్లున్నా గమకం పలుకుతుంది, తీగను పక్కకు లాగుతారు కాబట్టి. బేస్ తీగలు లావు, అంత లాగితే వేళ్లు ఊరుకోవు. పైగా లాగితే స్వరం పైకే పోతుంది. ఫ్రెట్‌లెస్‌లో పైనుంచి కిందికి కూడా మెట్టు చప్పుడు లేకుండా జారవచ్చు. మా వీధిలో బతుకమ్మ ఆడే ఆడవాళ్లు "ఉయ్యాలో" దగ్గర చివరి అక్షరాన్ని సాగదీసి కిందికి వదులుతారు చూడండి, ఆ వదలడం మెట్లున్న బేస్ మీద నాకు ఏనాడూ రాలేదు. ఫ్రెట్‌లెస్ మీద మూడో వారానికే వచ్చింది. ఆ రోజు తీసిందే తీసి ఇంట్లోవాళ్లను విసిగించాను.

ఇక నాదం. తీగ చెక్కకు మెల్లగా ఒరుసుకుంటూ మోగుతుంది కాబట్టి, స్వరం పుట్టిన తర్వాత "మ్వా" అని ఉబ్బుతుంది, మనిషి నోరు తెరిచినట్టు. 1976లో అమెరికన్ బేసిస్ట్ జాకో పాస్టోరియస్ తన మొదటి సోలో ఆల్బమ్‌తో లోకాన్ని ఈ గొంతు వైపు తిప్పాడు. ఆయన బేస్ ఫెండర్ జాజ్ మోడల్, మెట్లు పీకేసి వేళ్లు ఆడే పలక మీద ఎపాక్సీ అనే గట్టి పూత పూసినది. ఆ పూతకు కారణముంది. గరుకుగా ఉండే రౌండ్‌వౌండ్ తీగలు చెక్కను కొరికేస్తాయి. నేను నునుపైన ఫ్లాట్‌వౌండ్ వేశాను. మెరుపు తగ్గింది, పలక మిగిలింది. పాస్టోరియస్ లాగా వినబడకపోవడానికి తీగలే కారణమని చెప్పుకునే వీలు కూడా దొరికింది.

ఆయన్ని చూసి పాత బేస్ మెట్లు పీకుదామనుకునేవాళ్లు చాలామంది. ఉన్నది ఒక్కటే బేస్ అయితే ఆ పని చేయకండి. పీకేటప్పుడు చెక్క పెచ్చులు లేస్తుంది, గాళ్లు పూడ్చాలి, తీగల ఎత్తు మళ్లీ కిందికి దింపాలి. కొనేటప్పుడు గీతలున్నదే కొనండి. గీతల్లేనిది చూడటానికి అందంగా ఉంటుంది, కానీ స్టేజి మీద అందం మనల్ని కాపాడదు. గీతలున్నా పైనుంచి వంగి చూస్తే కన్ను మోసం చేస్తుంది, చివరికి నమ్మాల్సింది చెవినే. నేను ఫోన్‌లో తంబురా శ్రుతి పెట్టుకుని, కళ్లు మూసుకుని, రోజూ అరగంట ఒక్కో స్వరాన్నే పట్టి ఉంచాను. నాలుగు నెలలకు కీబోర్డ్ తమ్ముడు నా వైపు చూడటం మానేశాడు.

బొటనవేలితో తీగను కొట్టి స్లాప్ వాయించేవాళ్లకు, రెండు మూడు స్వరాలు కలిపి కార్డ్ పట్టేవాళ్లకు మెట్లున్నదే నయం, దాంట్లో వాదన లేదు. మిగతావాళ్లు ఒక్కటే చూసుకోవాలి: వాయిస్తున్న చోట మీ బేస్ మీకు వినబడుతుందా? ఫ్రెట్‌లెస్‌లో ప్రతి స్వరాన్నీ విని, వెంట్రుకవాసి సర్దుకుంటూ పోవాలి. వినబడకపోతే సర్దుకునేదేమీ లేదు. చిన్న గది, నెమ్మది పాట, రికార్డింగ్, ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటే కళ్లు మూసుకుని ఫ్రెట్‌లెస్ తీస్తాను. బాక్సులు అదిరే చోట గాయకులు శ్రుతికి మన మీదే ఆనుకుంటారు, అక్కడ ప్రయోగాలొద్దు.

వచ్చే వారం హన్మకొండలో ఒక ఫంక్షన్ హాల్‌లో రిసెప్షన్ ఒప్పుకున్నాం. మా వాయింపు మాకు వినబడేలా పెట్టే స్పీకర్, మానిటర్, ఇస్తారో లేదో ఇంకా చెప్పలేదు. పాత బేస్‌కు కొత్త తీగలు వేసి పెట్టాను.