1/72 ఫాక్స్‌ట్రాట్ ఫైబర్‌గ్లాస్ కిట్: పెట్టెలో ఏముంది, రాణిగంజ్‌లో ఏం కొనాలి

విశాఖ ఆర్కే బీచ్‌లో ఒడ్డెక్కించిన ఐఎన్‌ఎస్ కురుసురను చూసినవాళ్లు, రేడియోతో నీళ్లలో ముంచి నడిపే ఈ మోడల్ కిట్ ఆకారాన్ని ఇట్టే గుర్తుపడతారు. అదే ఫాక్స్‌ట్రాట్ తరగతి సబ్‌మెరైన్. అసలు పడవ పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. 1/72 స్కేలులో అది 1268 మిల్లీమీటర్లు, 104 మిల్లీమీటర్లు కావాలి. కిట్ హల్‌కి (పడవ పెంకు) టేపు పెడితే పొడవు మూడు మిల్లీమీటర్లు తక్కువ, వెడల్పు సరిగ్గా ఉంది. పాలిస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు ఆ మాత్రం కుంచించుకుపోతుంది, దాన్ని తప్పు పట్టలేం. తప్పు పట్టాల్సింది అంచుల దగ్గర.

పెట్టెలో వచ్చేవి: పై, కింది హల్ భాగాలు, సెయిల్ (వీపు మీది గోపురం), రెజిన్‌తో పోసిన చుక్కానులు, ప్లేన్‌లు (లోతు మార్చే రెక్కలు), వైట్ మెటల్ ప్రొపెల్లర్లు మూడు, కొన్ని ఇత్తడి కడ్డీలు, ఒక డ్రాయింగ్. నీరు చొరబడని సిలిండర్, మోటర్లు, సర్వోలు (చుక్కానులు తిప్పే చిన్న మోటర్లు), రేడియో మనమే చూసుకోవాలి. ఇత్తడి గొట్టాలు, ఓ-రింగులు (నీరు ఆపే రబ్బరు వలయాలు), స్టీలు స్క్రూలు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. వైర్లు, స్విచ్‌లు, చిన్న మోటర్లకు కోఠి గుజరాతీ గల్లీ. సిలిండర్ మూతలు మాత్రం లేత్ మీదే చేయించాలి. బాలానగర్‌లో చిన్న షెడ్డువాళ్లు ఒకటి రెండు పీసులు కూడా చేసిపెడతారు, కానీ ఓ-రింగ్ గాడి లోతు డ్రాయింగ్ మీద రాసి ఇవ్వాలి. నోటితో చెబితే పని చెడుతుంది.

ముందు కడగడం. అచ్చులోంచి వచ్చిన మైనం హల్ మీద అలాగే ఉంటుంది. గిన్నెల సబ్బు, పచ్చ స్క్రబ్బర్‌తో రెండుసార్లు రుద్ది, ఆరాక అసిటోన్‌తో తుడవాలి. ఇది ఎగ్గొడితే పుట్టీ నెల తిరక్కుండానే అప్పడంలా లేచొస్తుంది.

ఇక అంచులు. కింది భాగం నడుమ దాదాపు మూడు మిల్లీమీటర్లు లోపలికి వంగి ఉంది. రెజిన్ పూర్తిగా గట్టిపడకముందే అచ్చులోంచి ఊడదీస్తే ఇలాగే అవుతుంది. బలవంతంగా నొక్కి స్క్రూలు బిగిస్తే ఆ ఒత్తిడి అతుకు మీదే పడి, కొన్నాళ్లకు పగులుతుంది. 106 మిల్లీమీటర్ల చెక్క ముక్కను అడ్డంగా పెట్టి, 60-70 డిగ్రీల వేడినీళ్లు పోసి, చల్లారేదాకా కదపకుండా ఉంచితే దారికొస్తుంది. తర్వాత 15 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫైబర్‌గ్లాస్ పట్టీలను కింది భాగం లోపలి అంచుకు ఎపాక్సీతో అతికించాలి. పట్టీలో సగం పైకి పొడుచుకు రావాలి. పై భాగం దాని మీద టిఫిన్ బాక్స్ మూతలా కూర్చుంటుంది. అతికించే చోట ముందుగా 80 నంబర్ ఎమరీతో గీకాలి. ఈ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మామూలు గుడ్డ మాస్క్ ఆపదు, ఎన్95 కావాలి. నీళ్లతో తడిపి రుద్దితే ఇంకా నయం.

జెల్‌కోట్‌లో (హల్ పైపొర) పిన్‌హోల్స్, అంటే సూదిబెజ్జాలు, ముక్కు దగ్గర ఎక్కువ. కార్లకు వాడే పాలిస్టర్ పుట్టీ సరిపోతుంది, హార్డనర్ 2 శాతం. ఏప్రిల్, మే ఎండల్లో నిమ్మకాయంత కన్నా ఎక్కువ కలపకండి, నాలుగైదు నిమిషాల్లో రాయైపోతుంది. త్వరగా కావాలని హార్డనర్ ఎక్కువ వేస్తే రేపు పెయింట్ మీద మరక తేలుతుంది. రెజిన్ విడిగా కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: కోబాల్ట్ యాక్సలరేటర్, క్యాటలిస్ట్ ఈ రెండూ నేరుగా కలిస్తే పేలే ప్రమాదం ఉంది. కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపాకే క్యాటలిస్ట్ పోయాలి.

హల్ పక్కల వరసగా ఉన్న సన్న గాడులు కేవలం అలంకారం కాదు. అసలు పడవలో నీళ్లు వచ్చిపోయే దారులవి. కిట్‌లో గీతలుగా మాత్రమే చెక్కారు. 1 మిల్లీమీటర్ డ్రిల్‌తో రెండు చివర్లా బొక్క వేసి, సూదిలాంటి ఆకురాయితో తెరవాలి. విసుగొచ్చే పనే, కానీ తెరవకపోతే గాలి లోపలే చిక్కుకుని పడవ ఒక పక్కకు ఒరుగుతుంది.

డ్రాయింగ్‌లో షాఫ్ట్ గొట్టాల్లో గ్రీజు కూరమని ఉంది. అనవసరం. హల్ లోపల ఎలాగూ నీళ్లే ఉంటాయి. సీల్ కావాల్సింది షాఫ్ట్ సిలిండర్‌లోకి దూరే చోట. వైట్ మెటల్ ప్రొపెల్లర్ల బొక్క మధ్యలో లేదు, తిప్పితే తోక వణుకుతుంది. బొక్క మూసేసి లేత్ మీద మళ్లీ వేయించడమో, ఇత్తడివి కొనడమో తప్పదు.

బ్యాలస్ట్ ట్యాంకు (నీళ్లు నింపితే పడవ మునిగేది, ఖాళీ చేస్తే తేలేది) విషయంలో చాలామంది పొరబడతారు. అసలు పడవ నీటిపైన 1950 టన్నులు, మునిగితే 2475. ఆ తేడాను 72 ఘనంతో భాగిస్తే 1.4 లీటర్లు వస్తుంది, అంత ట్యాంకు కొనేస్తారు. మన మోడల్ హల్‌లోకి నీళ్లు స్వేచ్ఛగా వస్తాయి కాబట్టి, సిలిండర్‌ను వాటర్‌లైన్ (పడవ తేలేటప్పుడు నీటిమట్టం) కిందే ఉంచితే ట్యాంకు చూసుకోవాల్సింది పైన తేలే పెంకు సంగతే. ఆ భాగం 600 గ్రాములు ఉందనుకుందాం. ఫైబర్‌గ్లాస్ సాంద్రత 1.6 అయితే అది మునిగినప్పుడు తోసే నీళ్లు 375 మిల్లీలీటర్లు. అంటే ట్యాంకు లేపాల్సింది 600 గ్రాములు కాదు, అది మునగడంతో మారే ఆ 375 మాత్రమే. 500 మిల్లీలీటర్ల ట్యాంకుతో హాయిగా గడిచిపోతుంది.

ట్రిమ్ చేసేటప్పుడు, అంటే పడవ నిటారుగా, సరైన లోతులో ఉండేలా బరువులు సర్దేటప్పుడు, సీసం అడుగున ఉండాలి. ట్యాంకు నింపి, సెయిల్ కొస మాత్రమే కనపడేలా ఫోమ్ సర్దండి. తర్వాత ఖాళీ చేసి చూడండి. పడవ మరీ లోతుగా కూర్చుంటే వాటర్‌లైన్ పైనున్న ఫోమ్‌ను కిందికి మార్చండి, కొత్తగా ఏదీ కలపొద్దు. థర్మోకోల్ వాడితే ఎపాక్సీతోనే అతికించాలి, పాలిస్టర్ రెజిన్ దాన్ని కరిగించేస్తుంది.

2.4 గిగాహెర్ట్జ్ రేడియో నీళ్లలో కొన్ని అంగుళాల లోతుకే తడబడుతుంది. 27 లేదా 40 మెగాహెర్ట్జ్ పాత సెట్లు నయం, అవీ మంచినీళ్లలోనే. బోరు నీళ్లు నింపిన అపార్ట్‌మెంట్ పూల్‌లో లవణాలు ఎక్కువైతే రేంజ్ తగ్గుతుంది. అందుకే సిగ్నల్ పోగానే ట్యాంకు ఖాళీ చేసే ఫెయిల్‌సేఫ్ ఉండి తీరాలి. దాన్ని లోతులేని చోట, ట్రాన్స్‌మిటర్ ఆపేసి పరీక్షించాకే లోతుకు వెళ్లండి. హుస్సేన్‌సాగర్ జోలికి పోవద్దు, అందులో మునిగిన పడవ అరచేతి దూరంలో ఉన్నా కనపడదు.

షోకేసులో పెట్టుకునేవాళ్లకు ఈ కిట్ దండగ. నీళ్లలో ముంచాలనుకునేవాళ్లు, ఆరు నెలల ఆదివారాలు చేతిలో ఉంటే, తీసుకోవచ్చు.