తిరుపతి ఎండల్లో గెకో గుడ్లు: చల్లబరిచే పొదుగు పెట్టెతో మూడేళ్ల అనుభవం

పొదుగు పెట్టె అనగానే మన ప్రాంతంలో ఎవరికైనా కోడిగుడ్లు, లోపల వెలిగే బల్బు గుర్తుకు వస్తాయి. నేను పెంచే క్రెస్టెడ్ గెకోల గుడ్లకు అటువంటి పెట్టె పనికిరాదు. పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా దీవులకు చెందిన ఈ బల్లి గుడ్లకు 22 నుంచి 26 డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో మా ఇంటి హాల్లో అర్ధరాత్రి కూడా 32 డిగ్రీలు చూపిస్తుంది. మొదటి ఏడాది ఈ సంగతి పట్టించుకోకుండా తొలి జత గుడ్లను బీరువా అడుగు అరలో పెట్టాను. పదిహేను రోజులకు రెండూ పసుపు తిరిగి, లోపలికి కుంగి, బూజు పట్టాయి.

ఆ తర్వాత ఆన్‌లైన్‌లో ఆరు వేల రూపాయలకు కొన్న పెట్టె గురించే ఈ సమీక్ష. కంప్రెసర్ లేకుండా, కరెంటు పారితే ఒక వైపు చల్లబడి మరో వైపు వేడెక్కే పెల్టియర్ పలకతో చల్లబరిచే ఇరవై లీటర్ల చిన్న ఫ్రిజ్ అది. వేడి కూడా చేయగలదు గాని మూడేళ్లలో ఆ మీట నొక్కవలసిన అవసరం నాకు రాలేదు. ఇప్పుడు లోపల ఉన్న రెండూ కాక, ఇప్పటివరకు అందులో 31 గుడ్లు పెట్టాను. ఆరింటిలో మొదటి నుంచీ జీవం లేదు, మూడు మధ్యలో చెడిపోయాయి, తక్కిన 22 పిల్లలయ్యాయి.

పెట్టె మీద కనిపించే అంకెను నమ్మడం నేను చేసిన రెండవ తప్పు. సెన్సార్‌ను చల్లని రేకు పక్కనే అమర్చడం వల్ల, పైన 24 అని వెలుగుతున్నప్పుడు గుడ్ల దగ్గర పెట్టిన వేరే థర్మామీటరు 25.5 చూపించింది. అప్పటి నుంచి పైన 22.5కు పెట్టి, లోపలి థర్మామీటరునే ప్రమాణంగా తీసుకుంటున్నాను. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. పెల్టియర్ పలక బయటి గాలి కంటే కొన్ని డిగ్రీలు మాత్రమే చల్లదనం ఇవ్వగలదు కాబట్టి, ఏప్రిల్ చివరి వారంలో హాలు 38కి చేరిన మధ్యాహ్నం, ఫ్యాను ఆగకుండా తిరుగుతున్నా లోపల 27 దాటింది. కనుక వేసవి రెండు నెలలూ పెట్టెను పెద్ద గెకోలు ఉండే ఏసీ గదిలోకి మారుస్తాను. అలాగైతే గుడ్లను నేరుగా ఆ గదిలోనే పెట్టవచ్చు గదా అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: కరెంటు పోయిన గంటలో గది వేడెక్కుతుంది, పెట్టె లోపల చల్లగా ఉండే నీటి సీసాల వల్ల గుడ్లకు ఆ వేడి తగలడానికి మూడు గంటలు పడుతుంది. పైగా పెట్టె 12 వోల్టుల మీద నడుస్తుంది కనుక, ఒకసారి వానకు రాత్రంతా కరెంటు రాకపోతే పాత కారు బ్యాటరీతో తెల్లవారే వరకు నెట్టుకొచ్చాను.

మన గోడల మీది బల్లి గుడ్లు ట్యూబులైటు వెనకాల పొడిగాలిలోనే పొదుగుతాయి, శేషాచలం కొండల్లోని బంగారు బల్లి తన గుడ్లను రాతికి అతికించి పోతుంది. ఆ రెండింటి పెంకూ గట్టిది. క్రెస్టెడ్ గెకో గుడ్డు అలా కాదు. పొడుగు రేగుపండంత ఉండి, తోలులా మెత్తగా, చుట్టూ ఉన్న తేమను పీల్చుకొని పెరుగుతుంది. అందుచేత పెట్టె ఎంత మంచిదైనా లోపలి డబ్బా సరిగా లేకపోతే ఫలితం ఉండదు. మిద్దెతోటల కోసం నర్సరీలో అమ్మే వర్మిక్యులైట్ (తేమను పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు) 60 గ్రాములకు 60 గ్రాముల నీళ్లు కలిపి, పిడికిట్లో పిండితే చుక్క రాలనంత తడిగా చేసి, గుడ్లను సగం వరకు పూడ్చి, మూత పెడతాను. వారానికి ఒకసారి మూత తీసి గాలి ఆడనిస్తాను. పెట్టె పైకప్పుకు చేరిన నీటి చుక్కలు డబ్బా మీద పడి లోపలికి జారకుండా పైన ఒక మడత గుడ్డ పరచక తప్పలేదు. తయారీదారు ఆలోచించవలసిన విషయమిది.

గుడ్డు తీసేటప్పుడే పై వైపున పెన్సిలుతో చిన్న గీత గీస్తాను, ఎందుకంటే పిండం లోపల అతుక్కున్నాక గుడ్డు దొర్లితే చచ్చిపోతుంది. పది రోజుల తర్వాత చీకటి గదిలో ఫోను లైటు ఆనించి చూస్తే, బతికే గుడ్డులో గులాబీ రంగు కాంతి మధ్య ఎర్రని సన్నని వలయం, దాని నుంచి దారాల్లా రక్తనాళాలు కనిపిస్తాయి. పసుపుగా వెలిగినవి దాదాపు ఎప్పుడూ వృథాయే, అయినా వాసన వచ్చే దాకా నేను పారేయను.

మా అవ్వ బల్లి మీద పడితే తలస్నానం చేసి, కంచి గుడిలో బంగారు బల్లి బొమ్మను తాకి వచ్చాను గనుక దోషం లేదని తనకు తానే చెప్పుకునే మనిషి. ఆమె ఆ పెట్టెను చూసి “బల్లి గుడ్లకు ఫ్రిజ్జేంది నాయనా, మాకేమో కుండనీళ్లు” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

24 డిగ్రీల దగ్గర నా పిల్లలు 70 నుంచి 80 రోజుల మధ్య బయటికి వచ్చాయి, చలికాలంలో 22కు దిగినప్పుడు ఒకటి 98 రోజులు తీసుకుంది. పిల్ల రావడానికి ఒకటి రెండు రోజుల ముందు గుడ్డు చెమర్చినట్లు తడిసి కొద్దిగా కుంగుతుంది. మొదటిసారి అది చెడిపోయిందనుకొని తీసి పారేయబోయాను, మరునాడు ఉదయానికి పెంకులో చీలిక నుంచి ఒక ముక్కు బయటికి వచ్చి ఉంది. రెండు గ్రాములైనా తూగని ఆ పిల్ల తన మొదటి చర్మపు పొరను తానే ఒలుచుకొని తినేసి, మూడు రోజులు మరేమీ ముట్టలేదు.

మగదాన్ని వేరు చేసి ఏడు నెలలైనా ఆడది నిలవ ఉంచుకున్న వీర్యంతో ఇంకా జీవమున్న గుడ్లు పెడుతూనే ఉంది కాబట్టి, పెట్టె ఖాళీ అవుతుందని ఎవరూ ఆశపెట్టుకోకూడదు. వెనుక ఫ్యానును ఒకసారి మార్చాను, వేడి రేకుల్లో చేరే దుమ్మును నెలకొకసారి బ్రష్షుతో దులుపుతాను. ఈ రెండూ చేస్తున్నంత కాలం పెట్టె మూలుగుతూనైనా పని చేస్తోంది. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ సెన్సార్ స్థానానికే. ప్రస్తుతం అందులో రెండు గుడ్లు 61వ రోజులో ఉన్నాయి.