ఆరేళ్లుగా మా ల్యాబ్‌లో నంబర్లు పిలుస్తున్న పైగేమ్ మిక్సర్

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అన్నయ్య రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతాడు. రిజిస్టరు, బిల్లులు, రిపోర్టులు నా పని. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్లతో పొద్దున్న ఏడింటికే వరండా నిండిపోతుంది. ఊళ్లోవాళ్లు, సరిహద్దు అవతల పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు, కాశీనగర్ వైపు రైతులు, గుమ్మ కొండల మీంచి దిగి వచ్చే సవర గిరిజనులు. కొందరికి తెలుగే వచ్చు, కొందరికి ఒడియానే వచ్చు. ఒకప్పుడు నేనే గుమ్మంలో నిలబడి రెండు భాషల్లో నంబర్లు అరిచేదాన్ని. పదకొండయ్యేసరికి గొంతు పోయేది.

2019 వానాకాలంలో, అప్పుడే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ, నంబరు నొక్కితే కంప్యూటరే పిలిచేలా ఒక ప్రోగ్రామ్ రాశాను. అప్పట్నుంచి ఆదివారాలు తప్ప రోజూ 80 నుంచి 120 టోకెన్లు అదే పిలుస్తోంది. మొదటి మూడు నెలలు, మధ్యలో ఒక వారం తీసేస్తే, అందులో చప్పుడు చేసే పనంతా పైగేమ్‌లోని మిక్సర్‌ది. పేరులోనే గేమ్ ఉంటే ల్యాబ్‌లో దానికేం పని అని చాలామంది అడిగారు. ఆటలు తయారుచేసుకునేవాళ్ల కోసం 2000లో పుట్టిన పైథాన్ లైబ్రరీ అది, అంటే తెచ్చి వాడుకోవడానికి ముందే రాసిపెట్టిన కోడ్. ఆటలో బటన్ నొక్కగానే చప్పుడు వినపడాలి, వెనక మోగే సంగీతం ఆగకూడదు, తెర బిగుసుకుపోకూడదు. టోకెన్ పిలవడానికీ సరిగ్గా ఇవే కావాలి.

ఆ మొదటి మూడు నెలలూ వాడింది పైథాన్‌తోపాటే వచ్చే విన్‌సౌండ్. అది విండోస్‌లోనే పనిచేస్తుంది, వేవ్ ఫైళ్లే మోగిస్తుంది. ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఒక్క లైను రాస్తే చాలు. ఒక గంటో, ఒక హెచ్చరికో మోగించడానికైతే ఇప్పటికీ దాన్నే వాడమంటాను. మాకు మాత్రం సరిపోలేదు. వాల్యూమ్ తగ్గించే వీలు లేదు. ఒకటి మోగుతుండగా ఇంకోటి మొదలుపెడితే మొదటిది మధ్యలోనే తెగిపోతుంది. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి: చెప్పిన ఫైలు దొరక్కపోతే, వద్దని ముందే ఒక సెట్టింగ్ (ఫ్లాగ్) పెట్టి ఉంచకపోతే, విండోస్ మామూలు హెచ్చరిక చప్పుడు చేసి ఊరుకుంటుంది. ఒడియా 46 ఫైలు పేరులో నేను పొరపాటున ఒక స్పేస్ ఎక్కువ కొట్టాను. ఆ నంబరు వచ్చినప్పుడు టంగుమని మోగింది, అంతే. ఒడియా తప్ప రాని పెద్దాయన, సుగర్ మనిషి, పరగడుపున రెండు గంటలు బెంచీ మీద కూర్చుండిపోయారు. ఆ రోజు సాయంత్రమే వేరేది వెతకడం మొదలుపెట్టాను.

పైగేమ్ మిక్సర్‌లో రెండు దారులున్నాయి. మ్యూజిక్ అనేది ఫైలును డిస్క్ మీంచి కొంచెం కొంచెంగా చదువుతూ మోగిస్తుంది, పెద్ద పాటలకు అది మంచిది. సౌండ్ అనేది ఫైలు మొత్తాన్ని ముందే మెమరీలోకి తెచ్చుకుంటుంది, ముక్కలు అతికించి పలికించాలంటే అదే సరైనది. మా ముక్కలన్నీ కలిపినా 30 ఎంబీ దాటవు. నిమిషం స్టీరియో శబ్దానికి 10 ఎంబీ చొప్పున లెక్క వేసుకోండి, తెలిసిపోతుంది. మా పాత ల్యాప్‌టాప్‌కు అదేమీ బరువు కాదు. ప్రోగ్రామ్ తెరవగానే అన్నీ ఒకేసారి లోడ్ అవుతాయి, ఏ ఫైలు లేకపోయినా పొద్దున్నే ఎర్రర్ వచ్చి ఆగుతుంది. పెద్దాయన సంగతి తర్వాత నాకు కావలసింది అదే.

ముక్కలు అతికించడం అన్నాను కదా, అది ఒక్కో భాషకు ఒక్కోలా ఉంటుందని పని మొదలుపెట్టాకే తెలిసింది. తెలుగు అంకెలు పూసల్లా గుచ్చుకోవచ్చు. ఒకటి నుంచి పంతొమ్మిది వరకు 19 ముక్కలు, ఇరవై నుంచి తొంభై వరకు 8, ఇంకా వంద, నూట. ఇరవై, ఒకటి పక్కపక్కన పెడితే ఇరవై ఒకటి. ఒడియాలో అలా కుదరదు. 21 ఏకోయిశి, 22 బాయిశి, 23 తేయిశి. వందలోపు ప్రతి అంకెకూ దాని పేరు దానిదే, అన్నీ విడివిడిగా రికార్డు చేయాల్సిందే. తెలుగు గొంతు మా వదినది, ఒడియా గొంతు పక్కింటి టీచరమ్మది. ఇంట్లో లోపలి గదిలో కిటికీలకు బొంతలు కట్టి ఫోన్‌లోనే రికార్డు చేశాం. టీచరమ్మ పాపం రెండు సాయంత్రాలు కూర్చున్నారు, వదిన అరగంటలో లేచిపోయింది.

కానీ వదినకు మళ్లీ పని పడింది. మోగించి చూస్తే “ఇరవై. ఒకటి.” అని రెండు వేరే నంబర్లలా వినపడుతోంది. మొదట మధ్యలో ఖాళీ ఎక్కువైందనుకున్నాను. ఎంపీత్రీ ఫైళ్లలో ముందూ వెనకా కొంచెం నిశ్శబ్దం అతుక్కుని వస్తుంది. ఆ పద్ధతిలో శబ్దాన్ని 1152 శాంపిళ్ల (శబ్దపు చిన్న చిన్న కొలతల) గుత్తులుగా మూటగడతారు కాబట్టి చివర్లు సరిగ్గా తెగవు. అన్నీ వేవ్‌లోకి మార్చి, శబ్దాలు దిద్దే ఆడాసిటీ ప్రోగ్రామ్‌లో అంచులు కత్తిరించాను. ఖాళీ తగ్గింది, తేడా మాత్రం పోలేదు. చివరికి వదినే పట్టుకుంది. “ఇరవై అని ఊరుకునేటప్పుడు గొంతు కిందికి దిగుతుంది. ఇరవై ఒకటి అన్నప్పుడు దిగదమ్మా, ఎత్తిపట్టి ఉంచుతాం” అంది. పదుల్ని రెండు రకాలుగా రికార్డు చేశాం. ఆగే “ఇరవై” ఒక ముక్క, సాగే “ఇరవై” ఇంకో ముక్క. మొత్తం 37 ముక్కలు. అప్పుడు మనిషి పిలిచినట్టే ఉంది.

మాటలు కూడా మార్చాం. నేను మొదట “దయచేసి లోనికి ప్రవేశించగలరు” అని రాసుకున్నాను. వదిన చదవనంది. “లోపలికి రండి” అనే పెట్టాం, ఒడియాలో “భితరకు ఆసంతు”. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఈ ఊళ్లో ఉండే కదా, ఇక్కడి వరండాలో గ్రాంథికం మోగడం ఏం బాగుంటుంది.

నన్ను బాగా ఏడిపించింది మొదటి అక్షరం. కాసేపు చప్పుడేమీ లేకపోతే కొన్ని సౌండ్ కార్డులు, కొన్ని యూఎస్‌బీ స్పీకర్లు కరెంటు ఆదాకని నిద్రలోకి జారుకుంటాయి. మళ్లీ శబ్దం వచ్చినప్పుడు లేవడానికి అర సెకను పడుతుంది, ఆ అర సెకను శబ్దం ఎవరికీ వినపడదు. ప్రోగ్రామ్ తన వంతు మోగించేసి, పని అయిపోయిందనే అనుకుంటుంది. 2020లో మనుషుల్ని దూరం దూరంగా కూర్చోబెట్టాల్సి వచ్చి స్పీకర్ మార్చి వరండా చివరికి జరిపినప్పుడు ఇది బయటపడింది. నేను నొక్కింది 21. బయట వినపడింది “ఒకటి, లోపలికి రండి”. ఒకటో నంబరు ఆవిడ అప్పటికే రక్తం ఇచ్చి రిపోర్టు కోసం కూర్చుంది. పిలిచారు కదా అని మళ్లీ లోపలికి వచ్చి చెయ్యి చాపింది. అన్నయ్య చీటీ చూశాడు కాబట్టి సరిపోయింది. నాకు ఆ రోజంతా టెన్షనే. ఇప్పుడు ప్రతి పిలుపుకూ ముందు టింగ్‌టాంగ్ అని చిన్న గంట, తర్వాత “టోకెన్ నంబర్”, ఆ తర్వాతే అంకె. అదీ చాలదని మిక్సర్‌లోని ఒక చానెల్ (ఒక్కో శబ్దం మోగే దారి) మీద వినపడని నిశ్శబ్దపు ముక్కను రోజంతా తిప్పుతూ ఉంచాను, స్పీకర్ నిద్రపోకుండా. మిక్సర్‌లో మామూలుగానే 8 చానెళ్లు ఉంటాయి, ఒకటి ఇలా పోయినా నష్టం లేదు.

ఆ 8 చానెళ్లే ఇంకో చిక్కూ తెచ్చాయి. రిపోర్టుల కౌంటర్‌కు కూడా పిలుపు పెట్టాక, ఇద్దరం ఒకేసారి నొక్కితే రెండు నంబర్లూ ఒకదాని మీద ఒకటి మోగేవి. మిక్సర్ పేరే కలిపేది, అది దాని పని చక్కగా చేసింది. వరసలో పెట్టడం మన పని. చానెల్‌కు క్యూ అని ఒక సదుపాయం ఉంది, మోగుతున్నది అయిపోగానే తర్వాతిది అందుకుంటుంది. కానీ అది ఒక్క ముక్కనే దాచుకుంటుంది, మా పిలుపులో ఆరేడు ఉంటాయి. అందుకని పైథాన్‌లోని మామూలు క్యూలో పిలుపులన్నీ పడేసి, విడిగా నడిచే ఒక్క థ్రెడ్ మాత్రమే అందులోంచి ఒక్కోటి తీసి మోగించేలా రాశాను. ముక్క మోగిస్తుంది, గెట్ బిజీ (ఇంకా మోగుతోందా) అని అడుగుతూ అయిపోయేదాకా ఆగుతుంది, తర్వాతిది అందుకుంటుంది. ఆగడమంతా ఆ థ్రెడ్‌లోనే జరుగుతుంది కాబట్టి తెర మీద బటన్లు బిగుసుకుపోవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఈ ఒక్కటీ సరిచేసుకుంటే సగం తలనొప్పులు తగ్గుతాయి.

ఫైలు తాళం సంగతి కూడా చెప్పాలి. డాక్టర్ గారు ఆలస్యమైతే నేను మైకులో ఒక ముక్క రికార్డు చేసి, రోజూ అదే పేరుతో భద్రపరిచి మోగించేదాన్ని. రెండోసారి రికార్డు చేయబోతే విండోస్ అనుమతి లేదనేది. మ్యూజిక్ దారిలో మోగిన ఫైలును పైగేమ్ ఇంకా పట్టుకునే ఉండటమే కారణం. పైగేమ్ 1.9 వెర్షన్ ఉన్న రోజుల్లో వదిలించుకునే సూటి దారి లేక, రెండు పేర్లు పెట్టుకుని మార్చి మార్చి వాడాను. 2020 అక్టోబర్ 28న వచ్చిన 2.0లో అన్‌లోడ్ అనే ఆజ్ఞ ఇచ్చారు, ఆ బాధ తీరింది. అదే వెర్షన్‌లో మొదటి అమరికలు కూడా మారాయి. అంతకుముందు సెకనుకు 22,050 శాంపిళ్ల వేగం, 4096 శాంపిళ్ల బఫర్ (మోగించే ముందు పోగుచేసుకునే శబ్దం), అంటే నొక్కిన తర్వాత దాదాపు 0.19 సెకను ఆలస్యం. ఇప్పుడు 44,100, బఫర్ 512, ఆలస్యం 0.012 సెకనుకు పడిపోయింది. మా పాత ల్యాప్‌టాప్‌లో 512కు చిటపటలు వచ్చాయి, 1024 పెట్టాను, పోయాయి. టోకెన్లకు ఆ తేడా చెవికి తెలియదు.

ఫోన్లలో చాలావాటిలో రికార్డింగ్ 48,000 వేగంలో జరుగుతుంది. దాన్ని ఎక్కడైనా 44,100 అనుకుని మోగిస్తే గొంతు 8 శాతం నెమ్మదించి బరువెక్కుతుంది. ముందే అన్నీ 44,100కు మార్చి పెట్టుకోండి. స్పీకర్ వైరు ఊడి ఉంటే, కంప్యూటర్‌కు ఆడియో పరికరమే కనపడకపోతే మిక్సర్ మొదలవ్వకుండానే ఎర్రర్ ఇస్తుంది. కరెంటు పోయి వచ్చిన పొద్దుల్లో ఇది మామూలే కాబట్టి పది సెకన్లకోసారి మళ్లీ ప్రయత్నించేలా రాశాను.

పాటలు వరసగా మోగించే ప్రోగ్రామ్ కావాలంటే నేను పైగేమ్ చెప్పను, వీఎల్‌సీని పైథాన్‌లోంచి నడిపించుకోవడం మేలు. అది దాదాపు అన్ని రకాల ఫైళ్లూ మోగిస్తుంది. కాకపోతే వీఎల్‌సీ కూడా ఇన్‌స్టాల్ చేయాలి, పైథాన్ 64 బిట్ అయితే అదీ 64 బిట్‌దే ఉండాలి. ఇక ఒక్క లైనుతో మోగిస్తుందని పేరున్న ఒక చిన్న లైబ్రరీని మధ్యలో వారం రోజులు వాడాను. మొదలుపెట్టిన శబ్దాన్ని ఆపే ఆజ్ఞే అందులో లేదని తెలిసి తీసేశాను. 2023లో పైగేమ్ నుంచి విడిపోయి వచ్చిన పైగేమ్ సీఈకి పోయిన ఏడాది మారాను. పాతది తీసేసి కొత్తది పెట్టడమే, నా ప్రోగ్రామ్‌లో ఒక్క లైను మార్చలేదు.

ఇప్పుడు సవర గొంతు పెట్టాలని ఉంది. కొండల నుంచి వచ్చే కుర్రవాళ్లకు తెలుగో ఒడియానో అంకెలు తెలుస్తాయి. ముసలివాళ్లు మాత్రం చీటీ పట్టుకుని ప్రతి పిలుపుకూ లేచి, “ఏటమ్మా, నా నంబరేనా?” అని మనవల్ని అడిగిస్తారు. వాళ్ల అంకెల గురించి మా దగ్గరికి వచ్చే ఒక ఆశా కార్యకర్తను అడిగి రాసుకున్నాను. పన్నెండు వరకు విడి పేర్లు. పదమూడు అంటే పన్నెండూ ఒకటీ. ఇరవైకి మళ్లీ వేరే లెక్క, 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఒడియాకు 100 ముక్కలు, తెలుగుకు 37 పట్టిన చోట సవరకు పాతిక లోపే చాలేలా ఉన్నాయి. గొంతు దిగేవి, ఎత్తిపట్టేవి అందులోనూ ఉంటాయో లేదో ఆవిడ పలికితే గానీ తెలియదు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం వస్తానంది. బొంతలు ఉతికి ఆరేశాను.