న్యూజెర్సీ ట్యాక్స్ లీన్లు: ఏడేళ్ల తరువాత నా అభిప్రాయం

న్యూజెర్సీలో ఉంటూ 2018 నుంచి ఏటా ఒకటో రెండో ట్యాక్స్ లీన్లు కొంటున్నాను. మన ఊళ్లలో ఇంటి పన్ను బాకీ పడితే మున్సిపాలిటీయే వసూలు చేసుకుంటుంది. ఇక్కడ ఆ బాకీని వసూలు చేసుకునే హక్కును, అంటే ట్యాక్స్ లీన్‌ను, వేలం వేస్తారు, పాడుకున్నవారు బాకీ కట్టేసి, యజమాని తీర్చినప్పుడు వడ్డీతో తిరిగి తీసుకుంటారు. ఈ పద్ధతి నేర్చుకోవడానికి మొదట డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. అందులో 18 శాతం వడ్డీ గురించి పదేపదే చెప్పారు గాని, అది పాట మొదలయ్యే గరిష్ఠ రేటు మాత్రమేనని, పోటీ ఉన్నచోట దాన్ని సున్నా దాకా దించి, ఆపైన ప్రీమియం, అంటే బాకీకి అదనంగా మున్సిపాలిటీకి కట్టే సొమ్ము, పాడతారని వివరించలేదు.

నా మొదటి లీన్ 6,200 డాలర్ల బాకీది. వడ్డీ సున్నాకు దిగిపోగా 9,000 డాలర్ల ప్రీమియానికి పాడి దక్కించుకున్నాను. 14 నెలలకు యజమాని బాకీ తీర్చారు. ప్రీమియం వడ్డీ లేకుండా వెనక్కి వచ్చింది. బాకీ 5,000 డాలర్లు దాటినందువల్ల చట్టప్రకారం రావలసిన 4 శాతం పెనాల్టీ, అంటే 248 డాలర్లు, నాకు మిగిలింది. 15,200 డాలర్లు అంతకాలం కదలకుండా ఉన్నందుకు వచ్చిన ఫలితం అది. అయినా అనుభవజ్ఞులు అంత ప్రీమియం ఎందుకు పెడతారో చట్టం చదివాక అర్థమైంది: తరువాతి త్రైమాసికాల పన్నునూ యజమాని కట్టకపోతే లీన్ ఉన్నవారు కట్టవచ్చు, ఆ బాకీలో 1,500 డాలర్లు దాటిన భాగానికి 18 శాతం దాకా వడ్డీ వస్తుంది. అసలు రాబడి అక్కడే ఉంది. ఐదేళ్లలో బాకీ తీరకపోతే ప్రీమియం మున్సిపాలిటీకే పోతుందన్న సంగతి కూడా నేను చట్టంలోనే చూశాను.

బాకీ తీరకుండా రెండేళ్లు దాటితే కోర్టుకు వెళ్లి ఇల్లే సొంతం చేసుకోవచ్చని ఆ కోర్సు ఊరించింది. ఆ పాఠం నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు, ఇప్పుడు దానికి కాలం కూడా చెల్లింది. మిన్నెసోటాలో 94 ఏళ్ల వృద్ధురాలి 15,000 డాలర్ల బాకీకి ఆమె ఫ్లాటును 40,000కు అమ్మి మొత్తం ఉంచుకున్న కౌంటీ చర్యను 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తప్పుపట్టింది. 2024లో న్యూజెర్సీ కూడా చట్టాన్ని సవరించి, యజమాని కోరితే ఇంటిని వేలం వేసి, బాకీ పోను మిగిలింది వారికే దక్కే వీలు కల్పించింది.

కొత్తవారు కోర్సుకు కట్టే డబ్బు మిగుల్చుకొని, రాష్ట్ర చట్టం చదివి, ఒక వేలాన్ని పాడకుండా చూసి, జాబితాలోని స్థలాలను స్వయంగా వెళ్లి చూడాలని నా సలహా. నేను ఇప్పుడు ప్రీమియాన్ని బాకీలో పదోవంతు దాటనివ్వను. దాటితే పాట వదిలేస్తాను.