గ్యాస్ లీక్ డిటెక్టర్: అమ్మ వంటగదిలో ఏడాది పాటు వాడాక

కొనొచ్చా అని అడిగితే, కొనండి అనే చెప్తాను. ఇంట్లో అరవై దాటినవాళ్లు ఒక్కళ్లే వంట చేసుకుంటుంటే అసలు ఆలస్యం చేయకండి. విశాఖపట్నంలోని గోపాలపట్నంలో మా అమ్మ ఉండే ఇంటికి నేను కొన్నాను. డాబాగార్డెన్స్‌లో ఒక ఎలక్ట్రికల్ షాపులో పద్దెనిమిది వందలైంది. ప్లగ్గులో నేరుగా గుచ్చే రకం, అరచేతిలో పట్టేంత తెల్ల పెట్టె. కంపెనీ పేరు రాయడం లేదు. లోపల ఒకే రకం సెన్సర్ పెట్టి పైన వేర్వేరు పేర్లతో అమ్మేవి మార్కెట్లో చాలా ఉన్నాయి. అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పెట్టాలి, దేనికి పనికిరాదు అన్నవి తెలిస్తే పేరు తెలిసినదానికన్నా ఎక్కువ ఉపయోగం.

అమ్మని ఒప్పించడమే కష్టమైంది. "నాకు ముక్కు లేదా ఏటే? హాల్లో కూర్చుని పప్పు అడుగంటిందని చెప్పినదాన్ని" అంది. నిజమే, ఒకప్పుడు చెప్పేది. కానీ అంతకు ముందు వారమే పై వాటాలో ఉండే ఆవిడ మెట్లు దిగుతూ ఆగి, "పిన్నిగారూ, గ్యాస్ వాసన గుప్పుమంటోందండీ" అంటూ తలుపు కొట్టారు. సిమ్‌లో ఉన్న బర్నర్ గాలికి ఆరిపోయింది, నాబ్ తిప్పే ఉంది. అమ్మ ఆ స్టవ్ పక్కనే పీట వేసుకుని బెండకాయలు తరుగుతోంది. అమ్మకి ఏమీ తెలియలేదు.

ఆ సాయంత్రం అమ్మని కళ్లు మూసుకోమని ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టాను. "పసుపా?" అంది. కాఫీ పొడి పెడితే "ఏదో పొడి" అంది. అదే ఎండుమిరపకాయలు వేసి పోపు పెడితే మాత్రం అందరికన్నా ముందు దగ్గి, "చూశావా, నాకు వాసన తెలుస్తోంది" అంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఘాటు వేరు, వాసన వేరు. మిరప ఘాటు, ఉల్లిపాయ మంట, అమృతాంజనం చలవ, ఇవన్నీ ముఖంలో స్పర్శనీ నొప్పినీ తెలిపే ట్రైజెమినల్ నరం ద్వారా మెదడుకి వెళ్తాయి. వాసన తెలిపే నరం ఇంకొకటి. మొదటిది బాగున్నంతకాలం రెండోది ఎప్పుడు మొద్దుబారిందో మనిషి గమనించుకోడు. చూపు మందగిస్తే పేపర్లో అక్షరాలు కనపడవు కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ముక్కు మందగిస్తే వాసన రాదు, అంతే. వాసన రాలేదంటే అక్కడ ఏమీ లేదనే అనుకుంటాం. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో రిచర్డ్ డోటీ బృందం 1984లో ప్రచురించిన అధ్యయనంలో 65 నుంచి 80 మధ్య వయసువాళ్లలో సగానికి పైగా, 80 దాటినవాళ్లలో ముప్పావు వంతుకి పైగా మందికి వాసన శక్తి బాగా తగ్గిందని తేలింది. మన ఇళ్లలో కళ్ల పరీక్ష చేయిస్తాం, షుగర్ చూపిస్తాం. ముక్కు సంగతి ఎవరం అడగం. ఇది నాకు నిజంగా బాధగా ఉంది, అందుకే ఇంత రాస్తున్నాను.

వయసులో ఉన్నవాళ్ల ముక్కుని కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. ఒకే వాసన మధ్య కాసేపు కూర్చుంటే నిమిషాల్లోనే అలవాటైపోతుంది, ఆ తర్వాత ముక్కు పట్టించుకోదు. కొద్దికొద్దిగా పెరిగే లీకు వంటగదిలో ఉన్న మనిషికన్నా బయటినుంచి వచ్చినవాళ్లకి ముందు తెలిసేది ఇందుకే.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. వంట గ్యాసుకి సొంతంగా వాసన లేదంటే పిల్లలు నమ్మరు. ప్రొపేన్‌కి గానీ బ్యూటేన్‌కి గానీ వాసన ఉండదు. మనకి తెలిసే ఆ కుళ్లు వాసన ఇథైల్ మెర్కాప్టన్‌ది, లీకు తెలియాలని కావాలనే కలుపుతారు. కోట్ల పాళ్ల గాలిలో ఒక పాలు ఉన్నా ఆరోగ్యంగా ఉన్న ముక్కు దాన్ని పట్టేస్తుంది. ఈ పద్ధతి ఊరికే రాలేదు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్‌లో, న్యూ లండన్ అనే ఊరి స్కూల్లో వేడి కోసం వాడే సహజ వాయువు లీకై నేల కింద నిండిపోయింది. దానికి వాసన లేదు, ఎవరికీ తెలియలేదు. ఒక కరెంటు యంత్రం నుంచి నిప్పురవ్వ లేచి భవనం పేలిపోయింది. దాదాపు మూడు వందల మంది చనిపోయారు, ఎక్కువ మంది పిల్లలే. ఆ తర్వాతే టెక్సస్‌లో గ్యాసుకి వాసన కలపడం చట్టమైంది. అంటే ఈ ఏర్పాటు మొత్తం మన ముక్కు మీద వేసిన భారం. ఆ ముక్కు పనిచేయని మనిషికి వంటగదిలో ఉన్నది ఇప్పటికీ వాసన లేని గ్యాసే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. డ్రైనేజీ మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. గాలిలో అది 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద పాళ్లు) దాటే సరికి ముక్కు చచ్చుబడి కంపు తెలియకుండా పోతుంది. అప్పుడు గ్యాస్ తగ్గిందనిపిస్తుంది. నిజానికి పెరిగింది. లోపలికి దిగిన మనిషి పడిపోతే కాపాడటానికి దిగినవాళ్లు కూడా పడిపోయిన వార్తలు మనం ఎన్నిసార్లు చదివామో! వాళ్లది తెలివితక్కువతనం అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ముక్కు తప్పు చెప్పింది, బుద్ధి ఆ మాటే నమ్మింది. గ్యాస్ కొలిచే మీటర్ లేకుండా మనిషిని దింపినవాళ్లది నేరం.

ఇక పెట్టె సంగతి. ఇలాంటి సెన్సర్‌ని మొదట తయారుచేసింది జపాన్‌కి చెందిన నవోయోషి తగూచి, 1960ల్లో. లోపల టిన్ ఆక్సైడ్ పూత ఉంటుంది, దాన్ని ఒక చిన్న హీటర్ ఎప్పుడూ వేడిగా ఉంచుతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ ఆ పూతకి అంటుకుని కరెంటుకి అడ్డుపడుతుంది. గ్యాస్ తగిలితే ఆ ఆక్సిజన్ ఖర్చయిపోయి కరెంటు సులువుగా పారుతుంది, అలారం మోగుతుంది. ముక్కులా దీనికి వాసన అలవాటు కాదు. లీకు ఉన్నంతసేపూ అరుస్తూనే ఉంటుంది. నాకు దీనిలో అన్నిటికన్నా విలువైన గుణం ఇదే.

కానీ ముక్కు చేయగలిగిన పని ఒకటి ఇది చేయలేదు. ఏ గ్యాసో చెప్పలేదు. శానిటైజర్ రాసుకుని దగ్గరికి వెళ్తే మోగుతుంది, దోమల స్ప్రే కొడితే మోగుతుంది, సెంటు కొట్టినా మోగుతుంది. మొదటి నెలంతా అమ్మకి దీంతో టెన్షనే. "ఇది ఊరికే ఏడుస్తాది" అనే మాట వచ్చేసింది. ఆ మాట రావడం ప్రమాదం, ఎందుకంటే నాలుగుసార్లు ఊరికే మోగాక అయిదోసారి మనిషి లేవడు. అందుకని స్ప్రేలు, శానిటైజర్ వంటగదిలోంచి తీసేశాం. ఇప్పుడు మోగడం బాగా తగ్గింది, మోగితే మాత్రం అమ్మ లేచి చూస్తోంది.

ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఎలక్ట్రీషియన్ వచ్చి "పైనే కదండీ పెట్టేది, హోటళ్లలో చూళ్లేదా?" అన్నాడు. హోటళ్లలో పైన ఉండేది పొగ అలారం. వంట గ్యాస్ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, నేల మీద పరుచుకుంటుంది. నేలకి అడుగు ఎత్తులో ప్లగ్ పాయింట్ వేయించాను. స్టవ్‌కి మరీ దగ్గరగా కాకుండా, సిలిండర్ ఉన్నవైపు పెట్టాలి. పైపు కింద పేరుకునేదంతా అటే వస్తుంది.

దీనికో లెక్క వేశాను. అమ్మ వంటగది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. అంటే 800 ఘనపుటడుగులు, సుమారు 23 ఘనపు మీటర్లు. గాలిలో వంట గ్యాస్ దాదాపు 2 శాతానికి చేరితే రవ్వ తగలగానే నిప్పంటుకుంటుంది. ఆ గదికి 2 శాతం అంటే కిలో గ్యాస్. సిలిండర్లో ఉండేది 14.2 కిలోలు. అదీ గది అంతా సమానంగా కలిస్తేనే. నేల దగ్గర పేరుకుంటుంది కాబట్టి కిందిభాగంలో ప్రమాదానికి అంతకన్నా చాలా తక్కువ చాలు. ఈ పెట్టె ఆ హద్దులో పదో వంతు దగ్గరే మోగుతుందని కాగితంలో రాశారు. అది నిజమో కాదో ఇంట్లో కొలవలేను. సిగరెట్ లైటర్ వెలిగించకుండా మీట నొక్కి, కాస్త దూరంలో ఒక్క సెకను గ్యాస్ వదిలి చూస్తే పచ్చలైటు పోయి ఎర్రలైటు వచ్చింది, వెంటనే చెవులు గింగిర్లెత్తేలా మోగింది. స్టవ్ ఆర్పేసి, దీపం కొండెక్కాకే ఈ పరీక్ష చేయండి. పెట్టె మీదున్న టెస్ట్ బటన్‌తో ఆగకండి. చాలావాటిలో అది శబ్దం వస్తోందా లేదా అని చూపిస్తుంది తప్ప సెన్సర్ బతికే ఉందని చెప్పదు. సెన్సర్‌కి కాలపరిమితి ఉంది, సుమారు ఐదేళ్లు. షాపులో కుర్రాడిని తయారీ తేదీ అడిగితే "దానికి ఎక్స్‌పైరీ ఏంటి మేడమ్?" అన్నాడు. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీరే చూసుకోండి.

అలారం మోగిన మొదటిసారి అమ్మ అన్న మాట, "ఏటే ఈ గోల, ముందు ఆ స్విచ్చి కట్టేయ్!" చెయ్యి కూడా స్విచ్చి మీదకి వెళ్లింది. ఆ రోజు కారణం శానిటైజర్. నిజంగా గ్యాస్ ఉండి ఉంటే స్విచ్చి కట్టేసేటప్పుడు లోపల పుట్టే చిన్న రవ్వే చాలు. శబ్దం ఆపాలన్న తొందర ఎవరికైనా ఉంటుంది, చదువుకున్నవాళ్లకీ ఉంటుంది. ఆ క్షణంలో ఆలోచించి చేస్తారులే అని వదిలేయకూడదు. అందుకే ఆ స్విచ్చి కదలకుండా టేపు వేశాను.

కరెంటు పోతే ఈ పెట్టె పనిచేయదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, అయినా ఇళ్లలో వంట ఆగలేదు. మళ్లీ కొంటే బ్యాటరీ బ్యాకప్ ఉన్నదే కొంటాను. కాస్త ఎక్కువైనా పర్వాలేదు.

రాత్రిపూటకైనా ఇది కావాలి. బ్రౌన్ యూనివర్సిటీలో కార్స్‌కడన్, హెర్జ్ కొద్దిమంది మీద చేసి 2004లో ప్రచురించిన ప్రయోగంలో, గాఢనిద్రలో ఉన్నవాళ్లకి పుదీనా వాసన, పిరిడిన్ అనే కుళ్లు వాసన చూపిస్తే ఎవరూ లేవలేదు. శబ్దానికి మాత్రం లేచారు. ముక్కు ఎంత బాగున్నా నిద్రలో కాపలా కాయదు. 2020 మే 7 తెల్లవారుజామున మాకు దగ్గరే ఉన్న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకైనప్పుడు జనం నిద్రలో ఉన్నారు. ఈ పెట్టె అలాంటి ఫ్యాక్టరీ గ్యాసుల కోసం కాదు, ఆ ధైర్యంతో ఎవరూ కొనొద్దు.

బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లకి ఇది ఒక్కటే చాలదు. తలుపులు మూసిన గదిలో గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు, వాసన, ఘాటు ఏమీ లేవు. ఊపిరాడనట్టు కూడా అనిపించదు. మనకి ఆ అవస్థ కలిగేది ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు, ఆక్సిజన్ తగ్గుతోందన్న సంగతి శరీరం అంత గట్టిగా చెప్పదు. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. కాస్త తలనొప్పి, మత్తు, ఆ తర్వాత స్పృహ ఉండదు. దీనికి వేరే డిటెక్టర్ వస్తుంది. అది కొనేదాకా ఆగకుండా గీజర్‌ని గదిలోంచి బయటికి మార్పించండి.

కంపెనీవాళ్లకి ఒక విన్నపం. పెట్టెతో ఇచ్చిన కాగితం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. మా అమ్మకి ఇంగ్లీషు రాదు, వచ్చినా ఆ చిన్న అక్షరాలు కనపడవు. నేను అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి సిలిండర్ పైన గోడకి అంటించాను: "మోగితే స్విచ్చులు ముట్టుకోవద్దు. అగ్గిపెట్టె వద్దు. రెగ్యులేటర్ కట్టేయ్. తలుపులు, కిటికీలు తెరువు. బయటికి వచ్చి నాకూ 1906కీ ఫోన్ చెయ్." ఉత్త కూతకి బదులు ఈ నాలుగు మాటలూ తెలుగులో రికార్డు చేసి అలారంలో పెడితే, ఇంకో మూడు వందలు ఎక్కువ ఇచ్చి కొనడానికి నేను సిద్ధం. పై వాటా ఆవిడ కూడా అదే అంటున్నారు.