జింప్‌లో సొంత బ్రష్షులతో రంగుల బ్యాక్‌గ్రౌండ్లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు... నా పనిలో ముఖ్యం అక్షరాలే అయినా, వాటి వెనక రంగుల బ్యాక్‌గ్రౌండ్ లేకపోతే కస్టమర్ ఒప్పుకోడు. ఫ్రీగా దొరికేవి అందరూ దించుకుంటారు కాబట్టి, ఒకే నీలం-గులాబీ పొగ ఊళ్లో సగం ఫ్లెక్సీల మీద కనిపిస్తుంది. ఆ బెడద పడలేకే, ఫ్రీగా దొరికే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ జింప్‌లో నా బ్రష్షులు (మౌస్ లాగితే బొమ్మ మీద పడే అచ్చులు) నేనే చేసుకోవడం మొదలుపెట్టాను. 2018లో వచ్చిన 2.10 వెర్షన్‌తో చాలాకాలం నడిపాను, 2025లో వచ్చిన 3.0కి మారాను. ఈ పనికి సంబంధించినంత వరకు మళ్లీ వేరే దాని జోలికి వెళ్లలేదు.

ఫోటోషాప్ బ్రష్షుల ఫైళ్లు (ఏబీఆర్) జింప్‌లో తెరుచుకుంటాయి. కాకపోతే వచ్చేది బ్రష్ అచ్చు మాత్రమే, దాంతోపాటు ఉండాల్సిన ప్రెషర్ (పెన్ను ఒత్తిడి), స్కాటర్ (ముద్రలు చెదరడం) సెట్టింగులు రావు. అక్కడ అదరగొట్టే ప్యాకులు ఇక్కడ చప్పగా ఉండేది అందుకే. ప్యాకుల వేట మానేసి సొంతంగా చేసుకోవడమే మేలు.

నాకు బాగా అచ్చొచ్చిన బ్రష్ ముగ్గుపిండిది. నల్లగుడ్డ మీద చిటికెడు పిండి విదిలించి ఫోన్‌తో ఫోటో తీశాను. జింప్‌లో ఇన్వర్ట్ చేస్తే పిండి నల్లగా, గుడ్డ తెల్లగా మారుతుంది. తర్వాత వెలుగు-నీడలు సర్దే లెవెల్స్‌లో గుడ్డ నేత జాడ కూడా మిగలకుండా పూర్తి తెలుపుకి తేవాలి. కొంచెం బూడిదరంగు మిగిలినా బ్రష్ వేసిన ప్రతిచోటా చతురస్రం అంచు కనిపిస్తుంది. ఆపైన మోడ్‌ని గ్రేస్కేల్‌కి (నలుపు-తెలుపుకి) మార్చి, ఆల్ఫా ఛానెల్ (పారదర్శకత) తీసేసి, జింప్ బ్రష్ ఫైలైన జీబీఆర్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి బ్రష్షుల ఫోల్డర్‌లో పెట్టాలి. గ్రేస్కేల్ చేయకుండా పంపితే బ్రష్‌కి తన రంగు తనకే ఉంటుంది, మనం ఎంచుకున్న రంగు పట్టదు.

అదే పిండిని నాలుగైదు రకాలుగా విదిలించి, ఒక్కోటీ ఒక్కో లేయర్‌గా పెట్టి, పలు ముద్రలు పట్టే బ్రష్ ఫైలైన జీఐహెచ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఇంకా బాగుంటుంది. ఎంపిక రాండమ్ అని పెడితే ఏ ముద్ర ఎప్పుడు పడుతుందో తెలియదు. ఒకే ముద్ర వరసగా పడితే కన్ను ఇట్టే పట్టేస్తుంది, ఎన్ని రంగులు పోసినా దాగదు.

జింప్‌ని నేను వదలకపోవడానికి అసలు కారణం పెయింట్ డైనమిక్స్, అంటే గీస్తుంటే ముద్ర రంగు, సైజు లాంటివి వాటంతటవే మారేలా చేసే సెట్టింగులు. రాండమ్ కలర్ అనే డైనమిక్స్ ఎంచుకుంటే, మనం పెట్టుకున్న గ్రేడియంట్‌లోంచి (ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మారే పట్టీ) ప్రతి ముద్రకీ ఏదో ఒక రంగు తీసుకుంటుంది. పసుపు, కుంకుమ, మామిడాకు పచ్చ కలిపి ఒక గ్రేడియంట్ చేసుకున్నాను. స్పేసింగ్ (ముద్రల మధ్య దూరం) 100 దాటించి, ముద్రల్ని చెదరగొట్టే జిట్టర్ ఆన్ చేసి, మౌస్ అటూ ఇటూ తిప్పితే పందిట్లో అక్షింతలు పడ్డట్టే ఉంటుంది. పెన్ టాబ్లెట్ లేనివాళ్లకి ఇది పెద్ద వరం, ఎందుకంటే మౌస్‌కి ప్రెషర్ ఉండదు గానీ రాండమ్ మాత్రం మౌస్‌తోనూ పనిచేస్తుంది. జింప్‌తో వచ్చే డైనమిక్స్‌ని నేరుగా మార్చనివ్వదు, డూప్లికేట్ చేసుకుని దాన్ని మార్చుకోవాలి. ఇది తెలియక చాలామంది అక్కడే వదిలేస్తారు.

లేయర్ల సంగతికొస్తే నాది మొరటు పద్ధతి. అడుగున గ్రేడియంట్, దానిమీద పెద్ద సైజు బ్రష్‌తో ఒపాసిటీ బాగా తగ్గించి మరకలు, ఆ లేయర్‌కి మసకబార్చే గాస్సియన్ బ్లర్. పైన, కింది రంగుల్ని వెలిగించే స్క్రీన్ మోడ్‌లో చిన్న ముద్రలు, అంతే. 3.0లో బ్లర్ వేశాక కూడా ఎప్పుడైనా వెనక్కి వెళ్లి దాని మోతాదు మార్చుకోవచ్చు. 2.10లో ఆ సుఖం లేదు, ఒకసారి వేస్తే అన్‌డూ తప్ప గతి లేదు. గ్రేడియంట్‌లో చారలు కనిపిస్తుంటే ఇమేజ్ ప్రెసిషన్‌ని 16 బిట్‌కి మార్చి గ్రేడియంట్ మళ్లీ వేయండి, చాలావరకు పోతాయి.

తెలుగు రాసేవాళ్లు ఒకటి చూసుకోవాలి. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. సన్నటి ముద్రలు వత్తుల పక్కన పడితే "స్వాగతం"లో వావత్తు కూడా మరకలా కనిపిస్తుంది. రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లలో జింప్ వత్తుల్ని చెదరకుండానే చూపిస్తుంది, గొడవంతా బ్యాక్‌గ్రౌండ్‌తోనే. టెక్స్ట్ వచ్చే చోట ముద్రలు వేయకుండా మరకల లేయర్ ఒక్కటే ఉంచుతాను.

ఇక లోటుపాట్లు. ఏ4 కాగితానికి 300 డీపీఐలో 2480 × 3508 పిక్సెళ్లు వస్తాయి. అంత సైజులో, అదీ 16 బిట్‌లో, వెయ్యి పిక్సెళ్ల బ్రష్ లాగితే నా పాత లాప్‌టాప్‌లో గీత చేతి వెనక నింపాదిగా వస్తుంది. రంగుల్ని పులిమే స్మడ్జ్ టూల్‌తో అయితే మరీనూ. చిన్న సైజులో రఫ్ వేసుకుని, నచ్చాకే పెద్దది గీస్తున్నాను.

రెండోది ప్రింటు. జింప్‌లో పనంతా స్క్రీన్ రంగులైన ఆర్జీబీలోనే జరుగుతుంది. 3.0 నుంచి జేపెగ్, టిఫ్‌లను ప్రింటు ఇంకుల రంగులైన సీఎంవైకేలో ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ప్రింటులో రంగులు ఎలా వస్తాయో స్క్రీన్ మీదే చూపించే సాఫ్ట్‌ప్రూఫ్ కూడా ఉంది. అయినా స్క్రీన్ మీద మెరిసే ఊదా, చిలకాకుపచ్చ ఇంకులో ఆ మెరుపుతో రావు, ఏ సాఫ్ట్‌వేర్ వాడినా అంతే. ఊదానే కావాలని పట్టుబట్టే పెళ్లివారికి ముందే సాఫ్ట్‌ప్రూఫ్ ఆన్ చేసి చూపించి, సరే అన్నాకే అడ్వాన్స్ తీసుకుంటున్నాను.