బెంగళూరులో తోపుడుబండికి పీఎం స్వనిధి: దివ్యాంగులకు ఎంతవరకు పనికొస్తుంది?

పూచీకత్తు లేకుండా వీధి వ్యాపారానికి దొరికే అప్పుల్లో కేంద్రం పథకం పీఎం స్వనిధే మేలు. 2020లో తొలి విడత 10,000 ఉండేది. 2025 సవరణతో 15,000 అయింది, సరిగ్గా తీరిస్తే 25,000, ఆపైన 50,000. మొదటిది 12 నెలల్లో కట్టాలి, అంటే వడ్డీ కాక అసలే నెలకు 1,250. 7 శాతం వడ్డీ రాయితీ కిస్తీలో తగ్గదు, సకాలంలో కట్టినవాళ్ల ఖాతాలో తర్వాత పడుతుంది. లెక్క పూర్తి కిస్తీకే వేసుకోండి.

ఇక్కడున్న మన తెలుగువాళ్లకు చిక్కంతా ఆధార్ దగ్గరే. అందులో ఫోన్ నంబరు ఊళ్లో ఉన్న అన్నయ్యదో, ఎప్పుడో పోయిన సిమ్ముదో! ఓటీపీ రాక దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ముందు నంబరు మార్పించుకోండి. వ్యాపారి గుర్తింపు కార్డు లేకపోతే పాలికెలో, అంటే నగరపాలక సంస్థలో, సిఫారసు పత్రం అడగాలి.

చూపు లేనివాళ్లు సౌండ్‌బాక్సు తెలుగులో పెట్టించుకోండి. డబ్బు పడ్డట్టు వినపడ్డాకే ఇడ్లీ పొట్లం చేతికివ్వాలి. నెలవారీ అద్దె ఎంతో ముందే అడగండి.

చక్రాల కుర్చీలో కూర్చుని అమ్మేవాళ్లకు మాత్రం 15,000 చాలదు. మామూలు బండి ఎత్తు కుదరదు. బల్ల కింద మోకాళ్లు పట్టేలా కొత్తది చేయించాలి. వాళ్లకు 50,000 వరకు ఇచ్చే ముద్రా శిశు రుణమే నయం.